కాపలా ఎలుక వీపు మీది మట్టి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ ఈరన్న. తర్వాత చెప్పినవాళ్లంతా దాన్ని చెడగొట్టారు.

వరిగట్టులో ఎలుకలు ఊరు కట్టుకుంటున్నాయి. వానలు ముంచుకొస్తున్నాయి, గింజలు దాచే గదులు చాలడం లేదు. గది తవ్వినప్పుడల్లా గట్టుకు ఇంకో కన్నం పడుతోంది. అన్ని కన్నాలకూ కాపలా ఒక్క ముసలి ఎలుకే.

"కొత్త గది ఆపి ముందు ఈ కన్నాలు పూడ్పించు పెద్దా. పాము తిరుగుతోంది" అంది ముసలిది.

"నీకు పాము రోజూ కనిపిస్తూనే ఉంటుంది మామా!" అని నవ్వింది ఆ ఊరిని నడిపే పెద్దెలుక. "గింజ తడిస్తే పిల్లలకు నీ మీసాలు పెడతామా? ఊరికే కూచునే బదులు నువ్వూ వచ్చి మట్టి మొయ్యి."

పెద్ద మాట కాదనలేక ముసలిది లోపలికెళ్లి మట్టి మోసింది. ఆ పూటే కాపలా లేని కన్నంలోంచి పాము దూరి పిల్లలన్నిటినీ మింగిపోయింది. గదులు మాత్రం మిగిలాయి, నిండా గింజలతో.

"కాపలాది నిద్రపోయింది" అని పెద్దెలుక అందరి ముందూ అంది.

ముసలిదానికి వాదించే ఓపిక లేదు. "నా వీపు మీద మట్టి ఇంకా ఆరలేదు, చూడండర్రా" అంది. ఎవరూ చూడలేదు.

ఇప్పటికీ జనం అది నిద్రపోయిందనే చెబుతున్నారు. నా వంకర రాత ఎవరి కంటికీ ఆనదు. చదువొచ్చినవాళ్లెవరైనా ఆ మాట కొట్టేసి, అది మట్టి మోస్తూ ఉందని రాయండి.