ఒంటి వేడికి వెలిగే లైటు

బజార్లో కొంటే ఒక్క పూటలో అయిపోయే పనిని గుమాస్తా రెండు నెలలు సొంతంగా చేసి, నడవలో లైటు బిగించాడు. మనిషి ఒంటి వేడి తగిలితే చాలు, దానంతటదే వెలుగుతుంది.

"ఈ కొంపలో నన్ను చూసి వెలిగేది అదొక్కటే," అంది భార్య. గుమాస్తా దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడకి జ్వరం తగిలింది. "ఒళ్ళు కాలిపోతోందండీ. ఒకసారి నుదురు పట్టుకు చూడండి," అంది.

గుమాస్తా చేతిలో తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టలేదు. "ఇవాళ నిన్ను గుమ్మం అవతల నుంచే పట్టేసింది, చూశావా? ఏం సెన్సరే!" అని మురిసిపోయాడు.

అర్ధరాత్రి బల్ల దగ్గర నుంచి లేచి నడవలోకి వస్తే లైటు వెలగలేదు. చేతులూపాడు. గెంతాడు. కరెంటు ఉంది; పక్కనున్న ఫ్రిజ్ మాత్రం, ఇక చల్లబరచక్కర్లేదన్నట్టు, చప్పుడు ఆపేసింది. కొత్త సెన్సర్ అతికించి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. చీకటే.

అంతలో భార్య గోడ పట్టుకుని వచ్చింది. లైటు భగ్గుమంది.

"మరి నాకెందుకు వెలగట్లేదే?"

"ఒంట్లో వేడున్న మనిషికే వెలుగుతుందని మీరేగా ఊరంతా చెప్పారు," అని మాత్ర మింగి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాలే లైటూ ఆరిపోయింది.

గుమాస్తా నవ్వబోయాడు. బల్ల మీద ఐరన్ పొగలు కక్కుతోంది. ఊరికే చూద్దామని మొన మీద వేలు పెట్టాడు.

చుర్రుమనలేదు.

వేలు అలాగే ఉంచాడు. పొగ ఆగింది. స్విచ్చి ఇంకా వేసే ఉంది. ఐరన్ మాత్రం మెల్లగా చల్లబడుతోంది.