కప్పు కింద ఆగిన బండి

ఆర్లో వెంట్జ్ పెట్రోలు బంకు ముందు సిమెంటు దిమ్మె మీద పంపులు లేవు. వాటిని బిగించిన బోల్టులు మాత్రం తుప్పు పట్టి పైకి లేచి ఉన్నాయి.

మిగతాదంతా కట్టిన నాటిలాగే ఉంది. పింగాణీ పూత పూసిన తెల్లటి ఇనుప పలకల గోడలు, వాటి చుట్టూ మూడు ఆకుపచ్చ చారలు. మూల అన్నది లేకుండా గుండ్రంగా తిరిగిన అద్దాల గది. దాని మీంచి రోడ్డు వైపు చదునుగా, పొడుగ్గా చాచిన కప్పు.

నెబ్రాస్కాలో ఆ చిన్న ఊరికి ఉత్తరంగా కొత్త హైవే పడ్డాక కంపెనీవాళ్ళు వచ్చి గోడ మీది తమ పేరు అక్షరాలు ఊడదీసుకుపోయారు. పంపులూ పట్టుకుపోయారు.

బంకు మాత్రం ఆర్లోది. ఇప్పుడు అతనుండేది అందులోనే.

ఆ మే నెల మధ్యాహ్నం అతను గడ్డం గీసుకుని, టై కట్టుకుని అద్దాల గదిలో కూర్చున్నాడు.

మావిస్‌ని ఆ దారినే తీసుకెళ్తారు. చర్చికీ శ్మశానానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క రోడ్డే.

మావిస్ ఒకప్పుడు అతని భార్య. ఆ తర్వాత, ధాన్యం గోదాము చూసే గిల్బర్ట్ భార్య.

వెళ్ళిపోయే రోజున ఆమె పెద్దగా గొడవ పెట్టుకోలేదు.

"ఈ అద్దాల్లోంచి దారినపోయే ప్రతివాడికీ కనిపిస్తావు ఆర్లో. నాకే కనిపించవు," అంది.

చర్చికి రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు. రావద్దనీ అనలేదు. బండి వెళ్ళేటప్పుడు బయటికొచ్చి నిలబడదామనుకున్నాడు. అంతే.

శవయాత్ర గుర్తుగా లైట్లు వేసుకున్న కార్లు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరిగాయి. ఆర్లో లేచాడు.

అప్పటికే పడమటి ఆకాశం నల్లబడి ఉంది. ఒక్కసారిగా వడగళ్ళు మొదలయ్యాయి. కోడిగుడ్లంతేసి.

శవపేటిక ఉన్న నల్లబండి ఒక క్షణం తటపటాయించింది. తర్వాత పక్కకి తిరిగి, నేరుగా వచ్చి కప్పు కింద ఆగింది.

దాన్ని నడుపుతున్నది లూథర్. ఊళ్ళో అంత్యక్రియలన్నీ జరిపించేది అతనే. అద్దం దించాడు.

"అడక్కుండా వచ్చేశాను ఆర్లో. ఏమనుకోకు."

"బంకులోకి అడిగి వచ్చేదెవరు? కాస్త ముందుకి పోనీ. వెనక వాళ్ళకి చోటు కావాలి."

ఆర్లో చేతులు వాటంతటవే లేచాయి. రండి, రండి. ఇంకొంచెం. ఆఁ, చాలు.

గిల్బర్ట్ కారు నల్లబండి పక్కన ఆగింది. ఆర్లో పరుగెత్తుకెళ్ళి రిపేరు షెడ్డు తలుపులు రెండూ పైకెత్తాడు. ఒక్కో కారే లోపలికి దూరింది. పట్టనివి గోడవారగా సర్దుకున్నాయి.

ఎన్నాళ్ళకో బంకు నిండింది.

నల్లబట్టల్లో ఉన్న జనం తలల మీద కోట్లు కప్పుకుని అద్దాల గదిలోకి వచ్చారు. ఆర్లో కాఫీ పెట్టాడు. ఉన్న కప్పులూ గ్లాసులూ అన్నీ బయటికి తీశాడు.

మావిస్ అక్క బెర్నీస్ అతని కుర్చీలో కూలబడింది.

"చావుకి రాకపోతివి. చావే నీ గుమ్మంలోకి వచ్చింది చూశావా?"

"చక్కెర ఎంత వదినా?"

"రెండు చెంచాలు. మాట తప్పించడంలో మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఏం మారలేదు నువ్వు." ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎవరూ పిలవందే ఆ టై ఎందుకు కట్టుకున్నావయ్యా?"

ఆర్లో ఆమె చేతికి కాఫీ ఇచ్చాడు.

గిల్బర్ట్ లోపలికి రాలేదు. టోపీ చేత్తో పట్టుకుని నల్లబండి పక్కనే నిలబడ్డాడు. ఆర్లో ఇంకో కప్పు కాఫీ తీసుకుని అతని దగ్గరికి వెళ్ళాడు.

పైన రేకుల మీద చెవులు పగిలేంత మోత.

"తట్టుకుంటుందా ఈ కప్పు?" గిల్బర్ట్ పైకి చూస్తూ అరిచాడు.

"తట్టుకుంటుంది. లోపల ఇనుప దూలాలున్నాయి."

ఇద్దరూ అద్దంలోంచి పేటిక మీది పూలు చూశారు.

"బాధపడిందా?"

"చివర్లో లేదు. నిద్రలోనే."



"నన్ను తిట్టుకునేదా?"

గిల్బర్ట్ చేతిలోని కాఫీలోకి చూశాడు. అతను మంచివాడని ఊరంతా అంటుంది.

"లేదు ఆర్లో. ఎప్పుడూ లేదు." మోత కొంచెం తగ్గింది. "అసలు నీ మాటే వచ్చేది కాదు."

ఆర్లో తలూపాడు.

జేబులోంచి గుడ్డ తీశాడు. నల్లబండి అద్దం మీది తడి తుడిచాడు. చుట్టూ తిరిగి రెండో వైపు కూడా తుడిచాడు. గిల్బర్ట్ వద్దనలేదు.

ఎంత హఠాత్తుగా వచ్చాయో వడగళ్ళు అంత హఠాత్తుగానూ ఆగిపోయాయి. జనం కార్లెక్కారు.

"నా కారులో చోటుంది," అన్నాడు గిల్బర్ట్.

"షెడ్డు తలుపులు దించాలి."

"దించి రా. ఆగుతాం."

"వద్దు. మీరు పదండి. ఇప్పటికే ఆలస్యమైంది."

టైర్ల కింద వడగళ్ళు చిట్లుతున్న చప్పుడు చాలాదూరం వినిపించింది.

ఆర్లో తలుపులు దించాడు. లోపలికి వెళ్ళి కప్పులు కడగడం మొదలుపెట్టాడు.

కాసేపటికి కొత్త హైవే వైపు నుంచి ఒక కారు వచ్చి ఆగింది. ముందద్దం పగిలి ఉంది. నడుపుతున్నామె ఈ ఊరి మనిషి కాదు.

"పెట్రోలు పోస్తారా?"

"లేదమ్మా. పంపులు తీసేశారు."

ఆమె అద్దాల గదిలోకి చూసింది. బల్లనిండా కప్పులు. ఇతని మెడలో టై.

"విందేమైనా జరిగిందా ఇక్కడ?"

"కాదు," అన్నాడు ఆర్లో. "నా భార్య పోయింది."

"అయ్యో." ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఎప్పుడు?"

ఆర్లో రోడ్డు వైపు చూశాడు. ఆమె తనని వదిలి వెళ్ళిన రోజు చెప్పాలా, ప్రాణం పోయిన రోజు చెప్పాలా?