తాడు కొస

మెకానిక్ కిటికీ గ్రిల్ తలుపు తీసి, ఒక కాలు బయట సజ్జ మీద పెట్టాడు.

గదిలో నిలబడ్డ ఆవిడ కిందకి తొంగిచూసింది. మూడో అంతస్తు. కింద సిమెంటు నేల. ఆ సజ్జ మాత్రం ఎంతని? ఏసీ బయటి యూనిట్ కూర్చోగా, ఒక మనిషి ఒదిగి నిలబడేంత చోటు మిగిలింది. ఒక మూల పెచ్చు ఊడి లోపలి ఇనుప ఊచ తుప్పుతో కనబడుతోంది.

“బాబూ, తాడు కట్టుకున్నావా?”

“కట్టుకున్నాను మేడమ్.”

“ముడి గట్టిగా వేశావా?”

“మీ కళ్ళముందే వేశాను కదండీ. మీరు లాగి చూశారు కూడా.”

“ఇంకోసారి చూస్తే తప్పేంటి?”

మెకానిక్ నిట్టూర్చి రెండో కాలు కూడా బయటపెట్టాడు.

తాడు రెండో కొస ఇనప మంచం కోడుకి కట్టి ఉంది. ఆవిడకి మంచం మీద నమ్మకం లేదు. తాడును తన మణికట్టుకి కూడా చుట్టుకుని నిలబడింది.

నిచ్చెన వేసి చేసిన లోపలి పని ఎలాగో గట్టెక్కింది. ఫిల్టర్ల నిండా పట్టిన దుమ్మును బాత్రూమ్ కుళాయి కింద కూర్చుని ఆవిడే కడిగింది. పైపులో అడ్డుపడ్డ మురికి బకెట్‌లోకి దిగింది. పరుపు మీద నీళ్ళు కారడం ఆగింది కానీ గాలి చల్లబడలేదు. బయటి ఫ్యాన్ తిరగడం లేదన్నాడు మెకానిక్. బయట అనే మాట వినగానే ఆవిడకి నీరసం వచ్చింది. నడుము ఎప్పుడో పట్టేసింది, కాళ్ళు లాగుతున్నాయి. కూర్చుందామంటే మనసొప్పలేదు.

మూల పడక్కుర్చీలో పెద్దాయన పేపరు మడిచి విసురుకుంటున్నాడు. ఏసీ పాడైన దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు.

“వాణ్ణి పని చేసుకోనియ్యమ్మా. నువ్విట్లా వెంటపడితే వాడికి చేతులు వణుకుతాయి.”

ఆవిడ గబుక్కున కిటికీలోంచి తల బయటపెట్టింది. “వణుకుతున్నాయా బాబూ?”

“ఇంతవరకూ లేదండీ. ఇప్పుడు మొదలవుతాయేమో.”

“వేళాకోళం తర్వాత. ఆ కెపాసిటర్ జాగ్రత్త. స్విచ్ ఆపేసినా దాంట్లో కరెంటు దాక్కుని ఉంటుంది. అది పోయిందో లేదో చూసుకోకుండా చెయ్యి పెట్టకు.”

పెద్దాయన విసురుకోవడం ఆపాడు. “నీకివన్నీ ఎలా తెలుసమ్మా?”

“భయమే నేర్పిస్తుందండీ.”

బయట మరలు ఊడదీస్తున్న చప్పుడు. ఎండ నెత్తిన మండుతోంది. మెకానిక్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“కళ్ళు తిరగట్లేదు కదా?”

“లేదు మేడమ్.”

“ఇట్లా గోడలకి వేలాడే పని కాకుండా, ఒకచోట కూర్చుని చేసుకునేది ఏదైనా చూసుకోకూడదూ?”

“దొరికితే చెప్పండి. సిఫార్సు కూడా మీరే చెయ్యండి.”

“కాలు జారితే?”

“తాడుంది.”

“తాడు తెగితే?”

“అవతలి కొసన మీరున్నారు కదండీ.”

ఆవిడ తాడు ఇంకో చుట్టు చుట్టుకుంది.

వెనక ఏదో కదిలింది. చూస్తే పెద్దాయన కుర్చీలో లేడు. గోడ పట్టుకుని తలుపు పక్కన, పనికోసం ఆపేసి ఉంచిన మెయిన్ బోర్డు దాకా నడిచాడు. చెయ్యి పైకి లేచింది.

“ఫ్యాన్ వేసుకుంటానమ్మా. ఉడికిపోతున్నాను.”

“వెయ్యకండి!”

ఆవిడ ఎలా పరిగెత్తిందో ఆవిడకే తెలియదు. ఆయన వేలికీ స్విచ్చుకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టేసింది. మణికట్టుకున్న తాడు గది పొడవునా బిగుసుకుంది.

“తాడెవరు లాగుతున్నారు?” బయటనుంచి కేక.

“ఎవరూ లేదు బాబూ! నువ్వు కిందకి చూడకు!”

పెద్దాయన మొహం పాలిపోయింది. “మనిషి బయట ఉన్న సంగతే మర్చిపోయానమ్మా.”

“మీరు మర్చిపోవచ్చు,” అంది ఆవిడ ఆయాసపడుతూ. ఆయన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు చేతికిచ్చి, మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది. ఈసారి మొహం బోర్డు వైపు, వీపు కిటికీ వైపు. అట్లా నిలబడితే బయట ఏమవుతోందో కనబడదు. కనబడకపోవడం ఇంకా భయంగా ఉంది.

“అయిపోయింది మేడమ్. మెయిన్ వెయ్యండి, తిరుగుతుందో లేదో చూద్దాం.”

“ముందు నువ్వు లోపలికి రా.”

“ఇక్కణ్ణుంచి చూస్తేనే కదా—”

“లోపలికి రా!”

వచ్చాడు. రెండు కాళ్ళూ గది నేల మీద ఆనాకే ఆవిడ స్విచ్ వేసింది. బయట ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. కాసేపటికి గదిలో చల్లగాలి పాకింది. పెద్దాయన కళ్ళు మూసుకుని, “బతికించావురా నాయనా,” అన్నాడు.

ఆవిడ మణికట్టు మీది తాడు విప్పింది. ఎర్రగా వాత తేలింది. మెకానిక్ దాని వైపు చూసి, చూపు తిప్పుకుని, తాడు చుట్ట చుట్టి సంచిలో పెట్టాడు. అంతలో అతని ఫోన్ మోగింది.

“ఆ... వస్తున్నానండీ. ఎన్నో అంతస్తు? ఐదా? సరే.”

ఐదు అనే మాటకి ఆవిడ గోడకి ఆనుకుంది.

మెకానిక్ సంచి భుజాన వేసుకుని, పెద్దాయనకి చెప్పి గడప దాటాడు.

పెద్దాయన ఒక కన్ను తెరిచాడు. “పని అయిపోయింది కదమ్మా. ఇంకా ఎందుకా బెంగ?”

“ఇక్కడ అయిపోయిందండీ.”

రిమోట్ ఆయన చేతికందేలా పెట్టి, పరుపు మీద పరిచిన పాతదుప్పటి దులిపి మడిచి, ఆవిడ నిచ్చెన భుజానికెత్తుకుని, పరాయివాళ్ళ ఇళ్ళలో తనని మేడమ్ అనే పిలుస్తానని షరతు పెట్టిన కొడుకు వెనకాలే మెట్లు దిగింది.