టీచరమ్మ ఇంట్లో పనేమిటి?

సభ్యురాలు మళ్ళీ లేచింది. కార్యదర్శి గోడ గడియారం చూసి డైరీలో రాసుకున్నాడు. పదకొండూ నలభై.

ఇది తొమ్మిదోసారి. పట్టణ సభ మొదలైన గంటన్నరకో రెండు గంటలకో ఆమె సంచి భుజాన వేసుకుంటుంది. ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోతుంది. మళ్ళీ పావుగంటకు వస్తుంది. రాగానే చెరువుగట్టు మాటెత్తుతుంది.

గట్టు మీద దుకాణాలు కట్టించాలని అధ్యక్షుడి పట్టుదల. గట్టు తవ్వితే ఊరికి తాగునీళ్ళుండవని ఆమె వాదన. మిగతా సభ్యులు సగం అటు, సగం ఇటు. తేల్చేది ఆమె చెయ్యే.

కార్యదర్శిది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఈ భవనంలో ఏ బల్లకు ఏ కాలు వదులో కూడా ఆయనకు తెలుసు. మెత్తటి కుర్చీలు, కార్లకు నీడ, చదువుకోడానికి నాలుగు రకాల పేపర్లు. సభ్యులకు ఏ లోటూ రానివ్వలేదని ఆయన గర్వం. అలాంటి చోటికి గెలిచి వచ్చిన మొట్టమొదటి ఆడమనిషి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. టీ పెడితే పక్కకు జరుపుతుంది.

"మనమేమైనా విషం కలుపుతామా సార్?" అని బంట్రోతు చాలాసార్లు గొణిగాడు.

నమ్మకం లేని మనిషిని నమ్మడమెలా? ఈసారి రాతపని గుమాస్తాకు అప్పగించి, కార్యదర్శి ఆమె వెనకే బయల్దేరాడు.

ఎండలో ఆమె దాదాపు పరిగెత్తుతోంది. రెండు వీధులు దాటి నీలం తలుపు ముందు ఆగింది. అది రిటైరైన టీచరమ్మ ఇల్లు. చెరువుగట్టు తవ్వకూడదని కోర్టులో కేసు వేసింది ఆవిడే.

తలుపు తట్టే పని కూడా లేకపోయింది. గడియ తీసే ఉంది. ఎదురుచూస్తున్నారన్నమాట. సభలో అనుకున్నవన్నీ ఇక్కడికి చేరుతున్నాయన్నమాట.

ఎనిమిది నిమిషాలకు ఆమె చేతిరుమాలు సంచిలో కుక్కుకుంటూ బయటికొచ్చింది. ఆ రుమాల్లో ఏ కాగితం చుట్టిందో.

డైరీ చూసి అధ్యక్షుడి మొహం వెలిగిపోయింది. సభ గుట్టు బయటపెట్టినవాళ్ళ సభ్యత్వం రద్దు చేయొచ్చు. ఆమె పోతే గట్టు తమదే.

తర్వాతి సభలో అధ్యక్షుడు తొమ్మిది తేదీలూ, తొమ్మిది టైములూ తాపీగా చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరెక్కడికి వెళ్తున్నారో మా కార్యదర్శి కళ్ళారా చూశాడు. కేసు వేసినావిడ ఇంట్లో మీకేం పనమ్మా?"

సభ్యురాలి మొహం ఎర్రబడింది.

"నలుగురిలో చెప్పుకునే మాట కాదు" అంది.

"మేమూ అదే అంటున్నాం."

హాలంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. ఆమె నవ్వులు ఆగేదాకా ఆగి, కార్యదర్శి వైపు తిరిగింది.

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నారు కదన్నా, ఈ భవనంలో ఆడవాళ్ళకు బాత్రూమ్ ఎక్కడుందో చూపించండి, ఇక టీచరమ్మ గడప తొక్కితే ఒట్టు."