అందరికీ తెరిచిన పేజీ

"మేడమ్, మన వాక్యం మళ్లీ ఎవరో చెరిపేశారు!"

జర్నలిజం క్లాసంతా కంప్యూటర్ల మీదికి వంగింది. అందరూ ఎవరి చోట వాళ్లు కూర్చుని, ఆన్‌లైన్‌లో ఒకే పేజీ మీద వార్త రాస్తున్నారు. స్విమ్మింగ్ పూల్‌లో మునిగి చనిపోయిన పాప వార్త.

'ఆ సమయంలో లైఫ్‌గార్డు అక్కడ లేడు' అని వాళ్లు రాసిన చోట ఇప్పుడు, 'ఉన్నాడు. ముందు దూకింది అతనే' అని ఉంది.

"ఎవరది?" అంది మేడమ్.

"పేరు లేదు మేడమ్. బయటివాళ్లెవరో."

ఊళ్లోవాళ్లు కూడా చూసి తప్పులు దిద్దాలని ఆ పేజీ లింకు అందరికీ ఇచ్చింది మేడమే. కొత్త పద్ధతని ప్రిన్సిపాల్ తెగ మెచ్చుకున్నాడు కూడా.

"ఇంకెవరు, ఆ లైఫ్‌గార్డే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" అన్నాడొక కుర్రాడు.

క్లాసు గొల్లుమంది.

"ఎవరో ఒకసారి అడుగుదామా మేడమ్?" అంది వెనక బెంచీ అమ్మాయి.

"అతను అక్కడ లేడని పూల్ మేనేజరు చెప్పాడుగా! టైమైపోతోంది. మన వాక్యం మళ్లీ పెట్టి లింకు మూసెయ్," అంది మేడమ్.

మూసేశారు. వార్త కాలేజీ వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. ఫోన్ల మీదుగా ఊరంతా పాకింది. మర్నాటికల్లా లైఫ్‌గార్డు ఉద్యోగం ఊడింది.

క్లాసు చప్పట్లు కొట్టింది. మేడమ్‌కి మాత్రం చేతులు రాలేదు. 'అడుగుదామా' అన్న మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎంత తప్పు చేశాను! అడగడమే కదా నేను నేర్పే చదువు?

ఇక ఉండబట్టలేక, సాయంత్రం అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

తలుపుకి తాళం. మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది.

"ఆయన లేరమ్మా. వీధిలోకొస్తే చాలు, జనం నోటికొచ్చినట్టు తిడుతున్నారట. పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారట."

మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది.

"నేను... ఆ వార్త రాయించిన టీచర్ని."

ఆవిడ తలెత్తి చూసింది.

"రెండుసార్లు రాశానమ్మా. రెండుసార్లూ చెరిపేశారు. మూడోసారి రాద్దామంటే పేజీయే మూసేశారు."

"అది మీరా? మీ పేరు రాసుంటే..."

"రాస్తే కెమెరాలు పట్టుకుని మా ఇంటికొచ్చేవాళ్లు కదమ్మా. నా వల్ల కాదు."

"ఎంత అన్యాయం చేశానమ్మా! మరి మీరు ఆయనకేమవుతారు?"

"ఏమీ కాను. 'మీ తప్పేం లేదు' అని ఆయనకైనా చెబుదామని వచ్చాను," అంది చనిపోయిన పాప తల్లి.