నిన్న గులాబీ, ఇవాళ దోసకాయ

“ఇవాళ దోసకాయ,” అంది రుమిని.

అన్నం పళ్లెం ముందు కూర్చోబోతున్న దర్సోనో ఉలిక్కిపడ్డాడు. “ఏ దోసకాయ?”

“నీ చెంప మీది దోసకాయ. నిన్న గులాబీ. మొన్న ఇంకేదో, చంటిపిల్లల పౌడరు లాంటిది. పెకలోంగన్ ఊరి జనాన్ని వ్యానులో తిప్పుకునేవాడివి, ఇన్ని వాసనలు నీకెక్కణ్నుంచి వస్తున్నాయి?”

“ఎక్కేవాళ్లు పూసుకొస్తారు. ఒకళ్ల మీద ఒకళ్లు కూర్చుంటారు. అంటవా మరి?”

“చెంపకి చెంప ఆనించి కూర్చుంటారా?”

దర్సోనో సోయా టెంపే ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రుమిని అతని ముఖంకేసి చూసింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. మామూలు నునుపు కాదు, తోలు లేచిపోయేంత నునుపు. ఎడమ చెంప ఎర్రగా కందిపోయి అక్కడక్కడ నెత్తురు చుక్కలు ఎండి ఉన్నాయి. పెళ్లినాడు కూడా ఇంత శ్రద్ధగా గీసుకోలేదు ఈ మనిషి.

ఒకప్పుడు ఈ క్రీములూ స్ప్రేలూ ఇంటికే తెచ్చేవాడు. “రాసుకోవే, నా మాట విను” అని బతిమాలేవాడు. ఓసారి ఆమెకు ఒళ్లు మండి, ఒక డబ్బాని పెరట్లోకి విసిరికొట్టింది. “ఇంకోసారి ఈ చెత్త గడప దాటి లోపలికొచ్చిందో, నేను బయటికి పోతా” అంది. ఆ తర్వాత అతను తేవడం మానేశాడు.

ఇంటికి తేవడం మానేశాడు, అంతే. ఇంకెక్కడికో తీసుకుపోతున్నాడన్నమాట.

ఆ అనుమానాన్ని పక్కింటి పర్మి ఖాయం చేసింది. గుడ్డ మీద మైనంతో పూలు గీసి రంగులద్దే బాతిక్ షెడ్డులో రుమినితో కలిసి పనిచేసిన మనిషి. నిరుడు రుమిని పని మానేసి ఇల్లు కదలకుండా ఉండిపోయినా, పర్మి మాత్రం సాయంత్రాలు ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చి ఆమె కిటికీ దగ్గర దించి పోతుంది.

“చెప్పకూడదనుకున్నా చెల్లీ, కడుపులో ఆగట్లేదు. బజారు పక్కన కొత్తగా అందాల సామాన్ల కొట్టు పెట్టారు. అందులో లిలిస్ అని ఒక పిల్ల. బుగ్గలు చూడాలి, ఉడకబెట్టి పెంకు తీసిన గుడ్డే అనుకో! మీ ఆయన మధ్యాహ్నం ట్రిప్పు ఎగ్గొట్టి అక్కడే కూర్చుంటున్నాడు. ఆ పిల్ల ఆయన మొహం మీద బుస్సుమని ఏదో కొడుతుంది. ఆయన కళ్లు మూసుకుంటాడు. ఇద్దరూ నవ్వుకుంటారు.”

“రోజూనా?”

“నేను వెళ్లిన రోజల్లా.”

“నువ్వు రోజూ ఎందుకెళ్తున్నావ్?”

పర్మి తడబడింది. “లిప్‌స్టిక్ రంగు కుదర్లేదులే.”

రుమినికి నవ్వు రాలేదు. పెంకు తీసిన గుడ్డు దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. అయినా ఏడ్చే మనిషి కాదు. కళ్లారా చూడాలి. ఆ పిల్ల ముందే అడగాలి. ఉన్నదేదో అతని నోటితోనే చెప్పించాలి.

మర్నాడు మధ్యాహ్నం తలగుడ్డ అంచుని ముక్కు మీదికి లాగి, కళ్లు మాత్రం కనిపించేలా పిన్నులు పెట్టుకుంది. దారిలో ఎవరూ తనను గుర్తుపట్టకూడదు. గడప దగ్గర ఆగి పిన్నులు మరోసారి తడుముకుంది. ‘ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇంక ఎప్పటికీ అడగలేను’ అనుకుని వీధిలోకి దిగింది. తల ఎత్తకుండా బజారు దాకా నడిచింది.

ఓరగా తెరిచి ఉన్న అద్దాల తలుపు అవతల దర్సోనో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. పక్కన నిలబడ్డ పిల్లకి పర్మి చెప్పిన బుగ్గలు నిజంగానే ఉన్నాయి. ఆ పిల్ల సీసా ఎత్తి అతని చెంప మీద కొట్టింది.

“ఎలా ఉందన్నా?”

“ఉహూఁ. ముందు చల్లగానే ఉంది. ఇప్పుడు చురుక్కుమంటోంది. ఇంకోటి చూడు.”

“కొట్టంతా అయిపోవచ్చింది నీతో. ఇది కలబందది, వాసన కూడా ఉండదు.” మళ్లీ బుస్సుమంది.

రుమిని తలుపు తోసింది. “కొట్టు తల్లీ, కొట్టు! కళ్లలో పడేలా కొట్టు!”

దర్సోనో స్టూలు మీంచి చటుక్కున లేచాడు. “రుమీ! నువ్వా? ఒక్కదానివే వచ్చావా, ఇంత దూరం?” దొరికిపోయిన మనిషి ముఖంలో ఆ వెలుగేమిటో ఆమెకు అర్థం కాలేదు.

“రాక చేసేదేముంది? ఎవరి కోసం ఈ సోకులు? ఈ పిల్ల ముందే చెప్పు.”

లిలిస్ నవ్వబోయి, రుమిని కళ్లు చూసి ఆగింది. “సోకేమిటక్కా? పొడి బ్లేడుతో చెంప గీరుకుని వస్తాడీయన. ఆ పచ్చితోలు మీద మిస్టులూ మాయిశ్చరైజర్లూ అన్నీ వేయించుకుంటాడు. మండుతుందా లేదా అన్నదొక్కటే ఆయన లెక్క. నీకేమన్నా పిచ్చా అన్నా అంటే నవ్వి ఊరుకుంటాడు.”

“ఎందుకు?” రుమిని గొంతు తగ్గింది.

దర్సోనో నేల చూపులు చూశాడు. “మండితే నువ్వు విసిరికొడతావుగా. మండనిది దొరికాకే ఇంటికి తెద్దామని.” చెంప తడుముకుని అన్నాడు. “ఈ కలబందది మండట్లేదే.”

కొట్లో ఇంకా ఎవరెవరో ఉన్నారు. ఇటే చూస్తున్నారు. రుమిని చెయ్యి పిన్నుల దగ్గరికి వెళ్లి ఆగింది. మళ్లీ కదిలింది. ఒక్కొక్కటే తీసింది. ముఖం మీది గుడ్డ భుజం మీదికి జారింది.

లిలిస్ చూపు తిప్పుకోలేదు. “కళ్లు మూసుకో అక్కా,” అంది.

చల్లటి తుంపర వచ్చి తగిలింది. రుమిని పళ్లు బిగబట్టి ఎదురుచూసింది.

మరిగే మైనం కాల్చిన ఆ చెంప మండలేదు.