రాతి సిలువ

చిన్నబిడ్డ షారోన్‌ను చంపినోనికి ఉరిశిక్ష పడ్డ వారమే జయరాజ్ నల్లరాతి సిలువ చేయించిండు. బిడ్డ పేరు చెక్కించి, బోధన్‌ల తన ఇంటి గోడకు ఆనించిండు.

"వాడు ఉరెక్కినంకనే సమాధి మీద నిలబెడ్త," అన్నడు.

అప్పీళ్లు నడిచినయి. క్షమాభిక్ష అర్జీ ఢిల్లీకి పోయింది. ఏండ్లు గడిచినా వాన్ని ఉరి తియ్యలేదు.

"వాని సావుకు, పిల్ల పేరుకు ఏం సంబంధమయ్యా? ఒట్టి మట్టికుప్ప కింద ఎన్నొద్దులు పండుకుంటది?" అని భార్య ఆశా అడిగి అడిగి ఊకున్నది.

ఒకరాత్రి చెరుకు ట్రాక్టర్ల మోత ఆగినంక, వాకిట్ల రాయి ఈడుస్తున్న చప్పుడైంది. జయరాజ్ ఫోన్ లైటు పట్టుకొని బయటికొచ్చిండు. గోడకాడ సిలువ లేదు. నేల మీద ఈడ్చిన గీత గేటు దాక పోయింది. గేటుకు లోపలి గడియ పెట్టినట్టే ఉన్నది. దాని ముందట సిలువ పడి ఉన్నది. రాయి మీద తడిమట్టి. ఆ మట్టిల చిన్న చిన్న వేళ్ల అచ్చులు.

జయరాజ్ సిలువ పక్కన కూసున్నడు.

"రేపు పొద్దుగాలనే నిలబెడ్త బిడ్డా," అన్నడు.

సిలువకు అవతలి పక్క ఎవరో ఆయాసపడుతున్నరు.

"బరువున్నది బాపు. జర ఆ పక్క పట్టవా?"